పాత బీబీఎస్ ఆర్‌ఎస్ మూడు ముక్కల రిమ్ములు: విప్పి మళ్లీ కట్టడం, స్ట్రెచ్ టైర్ల సంగతి

నల్లగోల్ఫ్89, స్టుట్‌గార్ట్ (నవంబరు 4)

అందరికీ నమస్కారం. రెండేళ్లుగా వెతుకుతున్నవి మొన్న దొరికాయి. బీబీఎస్ ఆర్‌ఎస్ రిమ్ములు, 15 అంగుళాలు, 7జె (అంటే 7 అంగుళాల వెడల్పు), ఈటీ 24 (రిమ్ము మధ్య గీతకీ అది కారుకు ఆనే ముఖానికీ మధ్య దూరం, మి.మీ.లో), నాలుగు బోల్టులు 100 పీసీడీ (బోల్టు రంధ్రాల వలయం వ్యాసం, మి.మీ.లో). ఒక పల్లెటూరి కొట్టంలో గడ్డిమోపుల వెనక ఎన్నాళ్లుగానో పడున్నాయి. నా కారు 1989 గోల్ఫ్ 2.

తెలియనివాళ్ల కోసం ఒక మాట. బీబీఎస్ అంటే బౌమ్‌గార్ట్‌నర్, బ్రాండ్, షిల్టాఖ్. మొదటి రెండూ 1970లో కంపెనీ పెట్టినవాళ్ల ఇంటిపేర్లు, మూడోది బ్లాక్ ఫారెస్ట్‌లో వాళ్ల ఊరు. ఆర్‌ఎస్ 1983లో వచ్చింది. వల అల్లినట్టుండే సెంటరు, ముందు అంచు భాగమైన లిప్, వెనక గొట్టంలాంటి బ్యారెల్, ఈ మూడింటినీ చుట్టూ వరసగా ఎం7 బోల్టులు పట్టి ఉంచుతాయి. ఆ ఊరు మా ఇంటి నుంచి కార్లో గంటన్నర దూరమే. అందుకే ఈ రిమ్ముల మీద నాకు ఇంత మనసు.

ఇప్పుడున్న స్థితి: లిప్పుల మీద ఆనొడైజింగ్ (అల్యూమినియం మీది రక్షణ పొర) పొక్కులొచ్చి తెల్లగా పొడి రాలుతోంది. ఒక లిప్ అంచు కర్బుకు తగిలి వంగింది. సెంటర్ల బంగారు రంగు చాలాచోట్ల ఊడింది. రెండు రిమ్ములు గాలి నిలపడం లేదు. నా ఆలోచన ఇది. అన్నీ విప్పి, కొత్త వెడల్పు లిప్పులు వేసి 9జె చేసి, 165/50 ఆర్15 (165 మి.మీ. వెడల్పు) ఇరుకు టైర్లు సాగదీసి ఎక్కించాలి, దీన్నే స్ట్రెచ్ అంటారు. కారు బాగా కిందికి దించాను కాబట్టి ఫెండర్‌కి తగలకుండా ఉండాలంటే స్ట్రెచ్ తప్పదనిపిస్తోంది. ఇదివరకు చేసినవాళ్లు చెప్పండి.

ఈ30_డాలస్ (నవంబరు 4)

తమ్ముడూ, మంచి సెట్ దొరికింది. నేను ఇవే రిమ్ములు నా పాత బీఎండబ్ల్యూ ఈ30కి రెండుసార్లు కట్టాను. ఈ30కీ నీ గోల్ఫ్‌కీ పీసీడీ ఒకటే, మధ్య బొక్క కూడా 57.1 మి.మీ. అందుకే ఈ సెట్లు బీఎండబ్ల్యూ వాళ్లకూ ఫోక్స్‌వాగన్ వాళ్లకూ మధ్య చేతులు మారుతుంటాయి. ఇక్కడే ఒక ప్రమాదం ఉంది. గోల్ఫ్ కంపెనీ చక్రం బోల్టు కూర్చునే భాగం గుండ్రంగా ఉంటుంది, ఈ30ది 60 డిగ్రీల కోను. రిమ్ములో ఏ సీటు ఉందో చూసి దానికి తగ్గ బోల్టులే కొను. కోను సీటులో గుండ్రటి బోల్టు బిగిస్తే సన్నటి గీత మీదే ఆనుతుంది, ఎంత బిగించినా వదులవుతుంది.

లిప్ కొనే ముందు లెక్క వేసుకో. బయటి లిప్ ఒక అంగుళం పెంచితే రిమ్ బయటి అంచు 25.4 మి.మీ. బయటికి వస్తుంది, ఈటీ మాత్రం 12.7 తగ్గుతుంది. లోపలి బ్యారెల్ అంగుళం పెంచితే ఈటీ 12.7 పెరుగుతుంది, లోపలి అంచు 25.4 లోపలికి పోయి స్ట్రట్టుకి (సస్పెన్షన్ కడ్డీకి) దగ్గరవుతుంది. 7జె ఈటీ 24ని బయటి లిప్పులతోనే 9జె చేస్తే ఈటీ మైనస్ 1.4. గోల్ఫ్ 2 ఫెండర్ కింద అది పట్టదు. టైరు ఎంత సాగదీసినా రిమ్ అంచు అక్కడే ఉంటుంది కదా.

టైరు_బాబాయ్, విజయవాడ ఆటోనగర్ (నవంబరు 5)

బాబూ, నేను ఆటోనగర్‌లో ముప్పై ఏళ్లు లారీ టైర్లు ఎక్కించాను. మీ కార్ల ముక్కల రిమ్ములు వేరు, మా లారీల రింగు రిమ్ములు వేరు. మాకు పక్క రింగూ లాక్ రింగూ గాలి ఒత్తిడి మీదే కూర్చుంటాయి. రింగు గాడిలో సరిగా కూర్చోకుండా గాలి కొడితే ఎగిరి మనిషిని చంపేస్తుంది. మా వీధిలోనే ఒకాయన చెయ్యి పోయింది. అప్పటి నుంచి ఇనప బోను లేకుండా నేను గాలి కొట్టలేదు.

మీ రిమ్ముల్లో ముక్కల్ని బోల్టులు పట్టుకుంటాయి, రింగులు లేవు. కానీ రెండింటికీ వర్తించే నియమం ఒకటుంది. టైరు మీదుండగా, లోపల గాలి ఉండగా ఆ బోల్టుల జోలికి పోకూడదు. ముందు వాల్వు పిన్ను పీకెయ్యి, గాలి మొత్తం పోనీ, టైరు దించు, ఆ తర్వాతే స్పానర్ పట్టు. గాలి ఉందా లేదా అని టైరు నొక్కి చూడొద్దు, పిన్ను తీసి చూడు.

ఈ30_డాలస్ (నవంబరు 5)

బాబాయ్ గారు చెప్పింది అక్షరాలా నిజం. ఇక్కడ అమెరికాలో లారీల ముక్కల రిమ్ముల పనికి ఓషా (పనిచోట భద్రత చూసే ప్రభుత్వ సంస్థ) 1910.177 అని విడిగా నిబంధనే ఉంది, బోను లేకుండా గాలి కొట్టనివ్వరు.

లోహవిద్య, చెన్నై (నవంబరు 6)

నేను అల్యూమినియం పోత పోసే ఫౌండ్రీలో పని చేశాను. రిమ్ము అందంగా కనిపించడం కంటే ముందు అది బతికుందో లేదో చూసుకోండి.

రంగు మొత్తం తీశాక డై పెనెట్రెంట్ పరీక్ష చేయండి. మూడు డబ్బాల కిట్ దొరుకుతుంది. శుభ్రం చేసిన లోహం మీద ఎర్ర రంగు చల్లి కాసేపు ఆగి తుడిచేయాలి, పైన తెల్ల డెవలపర్ కొట్టాలి. పగులు ఉంటే అందులో దాక్కున్న ఎరుపు తెలుపు మీదికి గీతలా పాకి వస్తుంది. సెంటర్లో బోల్టు రంధ్రాల చుట్టూ, ఊచల మొదళ్ల దగ్గర, బ్యారెల్ లోపలి అంచు దగ్గర ప్రత్యేకంగా చూడండి. పగిలిన సెంటరును వెల్డింగ్ చేయించి నడపొద్దు, వేరే సెంటరు వెతుక్కోండి. వంగిన లిప్పును కూడా కొట్టి సరిచేయించకుండా మార్చేయడమే నయం. ఈ రిమ్ముల గొప్పతనమే అది, పాడైన ముక్క ఒక్కటే మార్చొచ్చు.

ఆనొడైజింగ్ తీయడానికి కాస్టిక్ సోడా వాడతారు. అది పైపొరనూ తింటుంది, కింద అల్యూమినియాన్నీ తింటుంది. బుడగలు వస్తే అది హైడ్రోజన్, గాలి ఆడే చోట, నిప్పుకు దూరంగా చేయాలి. పలచటి ద్రావణం వేసి, పొర పోగానే నీళ్లతో బాగా కడిగేయండి. మర్చిపోయి టీ తాగడానికి వెళ్తే లిప్ గరుకు తేలిపోతుంది. చేతులకు గ్లవ్స్, కళ్లకు అద్దాలు తప్పనిసరి.

పౌడర్ కోటింగ్, అంటే రంగు పొడి చల్లి ఓవెన్‌లో కాల్చడం, గురించి అందరూ అడిగేదే. ఈ సెంటర్లు పోత అల్యూమినియం, పోశాక వేడి చికిత్సతో బలం తెస్తారు. పౌడర్ ఓవెన్ 180, 200 డిగ్రీల దాకా పోతుంది. ఒకసారి ఇరవై నిమిషాలు కాలిస్తే పెద్ద నష్టం లేదు. కానీ ప్రైమర్‌కి ఒకసారి, రంగుకి ఒకసారి, క్లియర్‌కి ఒకసారి, నచ్చలేదని మళ్లీ ఒకసారి కాలుస్తూ పోతే ఆ బలం మెల్లగా తగ్గుతుంది. నాకైతే సెంటర్లకు మామూలు టూ కె (హార్డెనర్ కలిపి కొట్టే) పెయింటే ఇష్టం.

ఇంకో మాట, ఇది చాలామంది పట్టించుకోరు. ముక్కలు ఒకదానికొకటి ఆనే ముఖాల మీద, బోల్టు తల కూర్చునే చోట రంగు ఉండకూడదు. రంగు మీద బోల్టు బిగిస్తే కొన్నాళ్లకు ఆ పొర నలిగి పలచబడుతుంది, బోల్టు బిగువు పోతుంది. ముఖాలకు మాస్కింగ్ టేపు వేసి, ఆ తర్వాతే రంగు కొట్టించండి.

నల్లగోల్ఫ్89 (నవంబరు 12)

ఈ వారాంతం మొదటి రిమ్ విప్పాను. ముందు ప్రతి ముక్క వెనక మార్కరుతో నంబరు రాశాను, ఏ లిప్ ఏ సెంటరుదో కలిసిపోకుండా. బోల్టులు పన్నెండు మూలల తల ఉన్నవి. ఉప్పు రోడ్ల మీద తిరిగిన రిమ్ము కాబట్టి ఉక్కు బోల్టూ అల్యూమినియమూ ఒకదాన్నొకటి పట్టేసుకున్నాయి. తుప్పు వదిలే నూనె కొట్టి రాత్రంతా వదిలేశా. పొద్దున హీట్ గన్‌తో వేడి చేసి, ముందు తలను సాకెట్‌తో కదలకుండా పట్టుకుని వెనక నట్టు తిప్పాను. అయినా నాలుగు విరిగాయి. పాతవి ఎలాగూ వాడను, మొత్తం కొత్త సెట్ ఆర్డర్ పెట్టాను.

విడదీయడం ఇంకా కష్టమైంది. పాత సిలికాన్ గట్టిపడి రాయిలా ఉంది. స్క్రూడ్రైవర్ దూర్చి లేపుదామనిపించింది కానీ గీత పడితే అక్కడే గాలి లీకవుతుందని ఆగాను. పలచటి బ్లేడుతో చుట్టూ కోసి, కింద చెక్క పెట్టి రబ్బరు సుత్తితో తడుతూ పోతే చివరికి టక్కుమని ఊడింది. ఆ చప్పుడు వినగానే ఎంత సంతోషమేసిందో!

నగోయా_శ్రీ (నవంబరు 13)

అభినందనలు. స్ట్రెచ్ గురించి నేను చెప్తాను, ఇక్కడ దాన్ని హిప్పారి అంటారు, అంటే లాగడం. ఎస్‌ఎస్‌ఆర్, వర్క్ లాంటి కంపెనీల మూడు ముక్కల రిమ్ముల మీద ఇక్కడ ఎప్పటి నుంచో ఉన్న పద్ధతే. దీని వెనక అసలు కారణం ఫెండర్. వెడల్పు రిమ్ము మీద ఇరుకు టైరు వేస్తే టైరు భుజం లోపలికి వాలుతుంది. కారు కిందికి కుంగినప్పుడు ఆ భుజం ఫెండర్ అంచును తప్పించుకుంటుంది. చూపు కోసం చేయడం ఆ తర్వాత వచ్చింది.

కానీ ఎంత లాగాలి అన్నదే ప్రశ్న. 195/50 ఆర్15 టైరుకు అనుమతించిన రిమ్ వెడల్పు 5.5 నుంచి 7 అంగుళాలు. 195/45 ఆర్15కి 6 నుంచి 7.5. అర అంగుళం దాటించి 8జె మీద 195/45 వేసేవాళ్లు చాలామంది ఉన్నారు, అది ఒక మోస్తరు స్ట్రెచ్. 9జె మీద 165 అంటే మాటే వేరు. బీడు, అంటే రిమ్ముకు పట్టుకునే టైరు లోపలి అంచు, రిమ్ముకు అడ్డంగా కాకుండా ఏటవాలుగా కూర్చుంటుంది. మలుపులో గాలి కాస్త తక్కువైతే బీడు జారి మధ్య గాడిలో పడుతుంది.

నేను మూడేళ్ల కిందట సరిగ్గా నువ్వు చెప్పిన సైజే నడిపాను. రాత్రి వాన, రోడ్డు మీద గుంత, ముందు ఎడమ చక్రం గాలి ఒక్కసారిగా పోయింది. వేగం తక్కువ కాబట్టి కారు నిలబడింది. పక్క సీటులో మా అబ్బాయి ఉన్నాడు. మర్నాడే ఆ టైర్లు తీసేశాను. నీకు చెప్పాలనిపించింది.

నల్లగోల్ఫ్89 (నవంబరు 13)

అన్నా, ఇది చదివాక కాసేపు ఏమీ రాయలేకపోయాను. 9జె ఆలోచన మానేస్తున్నాను.

కూకట్‌పల్లి_కారు (నవంబరు 14)

నేను కొత్త సభ్యుణ్ణి. హైదరాబాద్‌లో నా పాత హ్యాచ్‌బ్యాక్‌కి ఇలా చేయించుకోవచ్చా? ఇక్కడ ఒక షాపువాళ్లు చేస్తామన్నారు. టైరు కూర్చోకపోతే ఏదో స్ప్రే కొట్టి అగ్గిపుల్ల గీస్తే డబ్బుమని కూర్చుంటుందని వీడియో కూడా చూపించారు.

టైరు_బాబాయ్ (నవంబరు 14)

వద్దు బాబూ. దయచేసి ఆ షాపుకి వెళ్లకు. లోపల మండే వాయువు, బయట అగ్గి, మధ్యలో మనిషి మొహం. ఒత్తిడి ఎంతకు చేరిందో ఎవరికీ తెలియదు, టైరు లోపలి పొర కాలిపోయినా బయటికి కనిపించదు.

సరైన పద్ధతి ఉంది. బీడుకీ రిమ్ముకీ టైరు పేస్టు ధారాళంగా రాయాలి. టైరును ఎండలోనో వెచ్చటి గదిలోనో కాసేపు ఉంచితే మెత్తబడుతుంది. వాల్వు పిన్ను తీసేసి గాలి కొడితే గాలి లోపలికి వేగంగా పోతుంది. అప్పటికీ పట్టకపోతే గాలి ట్యాంకు ఉన్న బ్లాస్టరు వాడాలి, అది ఒక్క దెబ్బకు గాలిని బీడు సందులోకి తోస్తుంది. బీడు కూర్చోబెట్టేటప్పుడు 40 పీఎస్ఐ దాటకూడదు. అంతకీ కూర్చోకపోతే గాలి తీసేసి, పేస్టు రాసి మళ్లీ మొదలుపెట్టాలి, ఒత్తిడి పెంచుకుంటూ పోకూడదు. గాలి గొట్టానికి క్లిప్పు పెట్టి దూరంగా నిలబడు.

లోహవిద్య (నవంబరు 14)

కూకట్‌పల్లి తమ్ముడికి ఇంకొకటి. మోటారు వాహనాల చట్టం 1988లో 52వ సెక్షన్ ప్రకారం కంపెనీ ఇచ్చిన వివరాలకు భిన్నంగా బండిని మార్చకూడదు. బీమా క్లెయిము దగ్గర కూడా ఇబ్బంది వస్తుంది. మన స్పీడ్ బ్రేకర్లకీ గుంతలకీ టైరు పక్కగోడే రిమ్ముకు కాపలా. స్ట్రెచ్ చేస్తే ఆ కాపలా పోయి లిప్ అంచు నేరుగా దెబ్బ తింటుంది. మూడు ముక్కల రిమ్ములు నచ్చితే అనుమతించిన వెడల్పులోనే మామూలు టైరుతో వేసుకో.

కూకట్‌పల్లి_కారు (నవంబరు 15)

చాలా థాంక్స్ అండీ. అడ్వాన్స్ ఇవ్వకముందే అడిగాను, మంచిదైంది.

ఈ30_డాలస్ (నవంబరు 15)

నల్లగోల్ఫ్ తమ్ముడూ, మరి వెడల్పు ఎంతకు నిర్ణయించావు? జర్మనీలో ట్యూఫ్ (వాహన తనిఖీ సంస్థ) కథ కూడా చెప్పు. అక్కడి వాళ్లు చాలా కచ్చితంగా ఉంటారని విన్నాను.

నల్లగోల్ఫ్89 (నవంబరు 19)

నిన్న మా దగ్గరి పరీక్షా కేంద్రానికి వెళ్లి ముందే మాట్లాడొచ్చాను. ఇది అన్నిటికంటే మంచి పని అయింది, లిప్పులు కొనకముందే చేయాల్సింది కూడా ఇదే. ఇక్కడ అనుమతి లేకుండా ప్రమాదం తెచ్చే మార్పు చేస్తే ఇక్కడి వాహన నిబంధనల్లో 19వ సెక్షన్ కింద కారు నడిపే అనుమతే రద్దవుతుంది. నాలాంటి మార్పులకు 21వ సెక్షన్ కింద విడి పరీక్ష చేస్తారు. రిమ్ము బలానికి కాగితాలు అడుగుతారు. టైరును దాని పరిధి దాటిన రిమ్ముపై వేస్తే టైరు కంపెనీ నుంచి రాతపూర్వక అనుమతి కూడా కావాలి.

పరీక్షకుడు చాలా ఓపికగా కూర్చోబెట్టి చెప్పారు. నా కారుకు 30 ఏళ్లు దాటాయి కాబట్టి హెచ్ ప్లేటుకు (పాత కార్లకిచ్చే నంబరు ప్లేటుకు) అర్హత ఉంది, ఏడాదికి పన్ను 191.73 యూరోలు మాత్రమే. ఆ ప్లేటుకు కారు ఆ కాలపు రూపంలో ఉండాలి. ఆర్‌ఎస్ రిమ్ములు ఆ కాలానివే కాబట్టి అభ్యంతరం లేదన్నారు. విపరీతమైన స్ట్రెచ్ చేస్తే మాత్రం కాగితం మీద సంతకం పెట్టనని మొహం మీదే చెప్పేశారు.

అందుకే 7.5జె. బయటి లిప్ అర అంగుళం పెంచుతున్నాను. అంచు 12.7 మి.మీ. బయటికి వస్తుంది, ఈటీ 17.65 అవుతుంది. ఫెండర్ అంచు లోపలికి మడత పెట్టించాలి. టైరు 195/45 ఆర్15. పరిధిలో చివరి అంకె 7.5 కాబట్టి అనుమతి కాగితం గొడవ లేదు, అయినా పక్కగోడ కాస్త లోపలికి వాలి కనిపిస్తుంది. నాకు కావలసింది అదే.

నగోయా_శ్రీ (నవంబరు 19)

మంచి నిర్ణయం. రెండు విషయాలు సరిచూసుకో. ఒకటి లోడ్ ఇండెక్స్, అంటే టైరు ఎంత బరువు మోస్తుందో చెప్పే అంకె. 195/45 ఆర్15 మామూలుగా 78, అంటే టైరుకు 425 కిలోలు, ఇరుసుకు 850. 195/50 అయితే 82, టైరుకు 475 కిలోలు. మీ కాగితాల్లో ఇరుసు బరువుతో పోల్చుకో. రెండోది స్పీడోమీటరు. గోల్ఫ్ 2కి వచ్చే 185/60 ఆర్14 టైరు ఎత్తు 577.6 మి.మీ. 195/45 ఆర్15 ఎత్తు 556.5. దాదాపు 3.7 శాతం చిన్నది. మీటరు ఉన్నదానికంటే ఎక్కువ వేగం చూపిస్తుంది. ఎక్కువ చూపడానికి నిబంధనల్లో కొంత వెసులుబాటు ఉంది, తక్కువ మాత్రం చూపకూడదు.

ఈ30_డాలస్ (నవంబరు 20)

కొత్త లిప్ కొనేటప్పుడు బీడు పక్కన హంప్ ఉందో లేదో వేలితో తడిమి చూడు. బీడు లోపలికి జారకుండా ఆపే గట్టు అది. కొన్ని చవక లిప్పులకు అది ఉండదు. స్ట్రెచ్ టైరుకు హంప్ లేని లిప్ అసలు వాడొద్దు.

కట్టేటప్పుడు: పాత సిలికాన్ ప్లాస్టిక్ గీకుడుతో మొత్తం తీసేయి, ముఖాలను ఐసోప్రొపైల్‌తో తుడువు. ముందు పొడిగానే కూర్చోబెట్టి, ఒకటి విడిచి ఒకటిగా కొన్ని బోల్టులు పట్టించి, డయల్ గేజ్ పెట్టి తిప్పి ఊగుతోందేమో చూడు. సరిగా ఉంటే మిగతావి వేసి, ఎదురెదురుగా, మూడు విడతల్లో టార్కు పెంచుతూ బిగించు. బోల్టు సెట్‌తో వచ్చిన టార్కు అంకే వాడు, వేరే రిమ్ముది తెచ్చి వాడకు. ఆ అంకె పొడి మరకు చెప్పారా, లాక్టైట్‌తో (బోల్టు వదులవకుండా మరకు పూసే జిగురుతో) చెప్పారా అన్నది కూడా చూసుకో. నూనె పూసిన మర మీద పొడి టార్కు కొడితే సన్నటి ఎం7 బోల్టు సాగిపోతుంది. ఆ తర్వాత బ్యారెల్ లోపల అతుకు చుట్టూ సిలికాన్ ఒకే తాడులా పెట్టి వేలితో అదుము. ఒక రోజంతా ఆరనివ్వు. తొందరపడితే మళ్లీ మొత్తం విప్పాలి, నాకు మొదటి సెట్‌కి అలాగే అయింది.

నల్లగోల్ఫ్89 (మార్చి 22)

ఇన్నాళ్లు రాయనందుకు క్షమించండి. చలికాలమంతా గ్యారేజీలోనే గడిచింది.

పెనెట్రెంట్ పరీక్షలో ఒక సెంటర్లో బోల్టు రంధ్రం నుంచి సన్నటి ఎర్ర గీత బయటపడింది. లోహవిద్య గారు చెప్పకపోతే దాని మీదే కొత్త రంగు కొట్టి వాడేసేవాణ్ణి. ఇంకో సెంటరు దొరకడానికి ఏడు వారాలు పట్టింది. బ్యారెళ్ల పాత పొర తీసి, 240 నంబరు గరుకు కాగితంతో మొదలుపెట్టి 2000 దాకా రుద్ది, పాలిష్ పట్టాను. కొత్త లిప్పులకు హంప్ ఉంది, తడిమి చూసే కొన్నాను. సెంటర్లు మళ్లీ బంగారు రంగే, ముఖాలకు టేపు వేసి కొట్టించాను.

టైర్లు ఎక్కించే షాపులో నేనూ ఉన్నాను. బాబాయ్ గారు చెప్పినట్టే ముందురోజు టైర్లు వెచ్చటి గదిలో పెట్టాను. పేస్టు, గాలి చాలు, బ్లాస్టరు అవసరమే పడలేదు. రెండు బీడులూ 40 లోపలే టపటపమని కూర్చున్నాయి. తర్వాత సబ్బు నీళ్లు కొట్టి ప్రతి బోల్టు, అతుకు, వాల్వు దగ్గర బుడగల కోసం చూశాం. ఒక రిమ్ముకు ఒక్కచోట బుడగ వచ్చింది, దాన్ని దించి ఆ చోట సిలికాన్ తీసి మళ్లీ పెట్టాను. మూడు వారాలుగా నాలుగూ గాలి నిలుపుతున్నాయి.

మొన్న పరీక్ష పాసైంది. స్టీరింగ్ రెండు వైపులా చివరిదాకా తిప్పి, ఎదురెదురు మూలల చక్రాల కింద దిమ్మెలు పెట్టి తగులుతుందేమో చూశారు. ఎక్కడా తగల్లేదు. స్పీడోమీటరు కూడా పరిధిలోనే ఉందన్నారు. రిమ్ము, టైరు సైజులు కాగితాల్లో ఎక్కాయి. వచ్చే ఆదివారం షిల్టాఖ్ వెళ్లి ఆ ఊళ్లో కారు ఆపి ఫొటో తీసి పెడతాను.

టైరు_బాబాయ్ (మార్చి 23)

చాలా సంతోషం బాబూ. చక్రం బోల్టులు ఒక యాభై కిలోమీటర్లు తిరిగాక మళ్లీ బిగించి చూశావా?

నల్లగోల్ఫ్89 (మార్చి 23)

చూశాను బాబాయ్ గారూ. 110 న్యూటన్ మీటర్లకు పెట్టి చూస్తే వెనక కుడి చక్రం బోల్టు ఒకటి పావు తిప్పు తిరిగింది. మళ్లీ వంద కిలోమీటర్లకి చూశాను, ఏదీ కదల్లేదు.